ఈల వేయని ఊరు

ఆ ఏడాది మే నెలలో మూడు వారాల పాటు పాసో దెల్ సౌసే ఊళ్ళో ఒక్కరూ ఈల వేయలేదు. వేయబుద్ధి కాక కాదు. వేయొద్దని దోన్ అనాక్లేతో బుర్గేన్యో ఇంటింటికీ వెళ్ళి టోపీ తీసి మరీ అడిగాడు. అరవై నాలుగేళ్ళ మనిషి టోపీ తీసి అడిగితే కాదనే ఊరు కాదది.

రొట్టెల బల్దొమేరోకి పిండి పిసుకుతూ ఈల వేయడం అలవాటు. ఆ మూడు వారాలూ పెదాలు బిగించి పిసికాడు. రొట్టె పొంగలేదు. ఊరంతా పలకల్లాంటి రొట్టెలు కొనుక్కుని, నోరెత్తకుండా నమిలింది. ఆదివారం ఫుట్‌బాల్ ఆటకి రెఫరీ బడి నుంచి గంట అరువు తెచ్చుకున్నాడు. మొదటిసారి గంట కొట్టగానే రెండు జట్లలోనూ సగం మంది పుస్తకాల సంచీ ఎక్కడ పెట్టామా అని వెతుక్కుంటూ ఇంటిదారి పట్టారు. అనాక్లేతో స్టేషన్ మాస్టరుని రైలు కూత సంగతి కూడా అడిగాడు. అది ప్రభుత్వం వారి కూత, నా చేతుల్లో లేదని ఆయన అన్నాడు. అయినా డ్రైవరు చెవిలో ఓ మాట వేసే ఉంటాడు, ఎందుకంటే ఆ మూడు వారాలూ రైలు ఊళ్ళోకి దొంగలా వచ్చి దొంగలా పోయింది. ముగ్గురికి బండి తప్పిపోయింది. అందులో ఒకాయన ఇప్పటికీ ఆ బెంచీ మీదే ఉన్నాడని చెప్పుకుంటారు.

ఇంతా చేసి ఇదంతా ఒక గుర్రం ఉచ్చ కోసం.

గుర్రం పేరు యూయో. యూయో అంటే కలుపుమొక్క. ఎవరూ విత్తకుండా పుట్టింది కాబట్టి ఆ పేరు. దాని తల్లి ఒక వానాకాలం వాగు దాటిపోయి, ఎవరి మందలో తిరిగి వచ్చిందో ఎవరికీ తెలియదు. జేగురు రంగు, పొట్టి మెడ, చూడగానే కొనబుద్ధి పుట్టే జీవం కాదు. కానీ ఆ ఛాతీలో గుండె ఒక్కటే కాదు, అరువుకిచ్చే పాటి గుండెలు ఉన్నాయని అనాక్లేతో వాదన. ఒకసారి పోస్టు జవాను దాన్నెక్కి పక్క ఊరికి ఉత్తరం తీసుకెళితే, ఉత్తరం రాసినాయన ఇంకా కవరు అంటించకముందే జవాబు వచ్చిందని క్లబ్బులో చెప్పేవాడు. నవ్విన వాళ్ళ వైపు ఎంతో జాలిగా చూసేవాడు.

రైద్ అనే దూరపు గుర్రప్పందెం రోజున ఆ గుండే కావాలి. తెల్లవారుతూనే ఊళ్ళోంచి బయలుదేరి చుట్టుదారిన అరవై కిలోమీటర్లు పరుగు, ఒక గంట విరామం, ఆపైన ఊరి వైపు మరో ముప్పై. విరామంలో పశువుల డాక్టరు గుండె చప్పుడు లెక్కపెట్టి, నెమ్మదించిన గుర్రాన్నే మళ్ళీ దారి మీదికి వదులుతాడు. అనాక్లేతోకి డాక్టరంటే గౌరవమే. కానీ కండ లోపల ఏం జరుగుతోందో గుండె చెప్పదని, ఆ కబురు మూత్రంలోనే వస్తుందని ఆయన నమ్మకం. అందుకని రెండేళ్ళు కష్టపడి యూయోకి ఒక ఈల నేర్పాడు. రెండు పొట్టి ఈలలు, ఒక పొడుగు ఈల. పొడుగుది చివర్లో కిందికి జారుతుంది. ముందు పళ్ళు రెండు లేవు కాబట్టి ఆయన ఈలలో సగం గాలే. అయినా అది చెవిన పడితే చాలు, యూయో ఎక్కడున్నా ఆగి, వెనక కాళ్ళు బార చాపి, బుద్ధిగా పోసేది.

ఆ చదువు గుర్రంతో ఆగలేదు. క్లబ్బు కిటికీ కింద రోజూ ఆ ఈల విని విని, లోపల పేకాడే ముసలివాళ్ళకి కూడా అంటుకుంది. మంచి ముక్కలు చేతికొచ్చిన వేళకి బయట ఈల వినపడేది, నలుగురూ ముక్కలు బోర్లించి పెరటి గోడ దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. ఠాణా పెద్ద సంగతి ఇంకా ఘోరం. జాతీయ పండుగనాడు ఆయన యూనిఫాంలో జెండా ముందు నిలబడి ఉండగా, వీధి చివర అనాక్లేతో తన పని తాను చేసుకుంటూ ఈల వేశాడు. జాతీయ గీతంలో చివరి చరణం ఠాణా పెద్ద లేకుండానే పాడారు.

రైద్ దారి చివరి ఐదు కిలోమీటర్లూ ఊరి వాళ్ళు రెండు వైపులా బారులు తీరతారు. సంతోషం పట్టలేక ఎవడో ఒకడు ఈల వేశాడంటే, ముందున్న యూయో నడిదారిలో కాళ్ళు చాపేస్తుంది. అదీ అనాక్లేతో భయం. అందుకే టోపీ తీసి ఇంటింటికీ తిరిగాడు. ఊళ్ళో రెండు వందల పది గడపలు. రెండు వందల తొమ్మిది ఎక్కాడు.

ఎక్కని ఆ ఒక్క గడప దోన్యా సెల్మీరా ఎచెగారాయ్‌ది.

పదకొండేళ్ళ కిందట ఆ ఇంట్లో తోర్కాసా అని ఒక బూడిద రంగు ఆడగుర్రం ఉండేది. తోర్కాసా అంటే గువ్వ, పరుగూ అలాగే ఉండేది. సెల్మీరా భర్త ఫ్రొయిలాన్ రౌతు, అనాక్లేతో దాన్ని తయారు చేసినవాడు. ఆ ఏటి రైద్‌లో చివరి పది కిలోమీటర్లు ఉండగా తోర్కాసా తనంతట తాను ఆగి పోసింది. లారీ మీద నీళ్ళ డబ్బాలతో వెనకాలే వస్తున్న అనాక్లేతో దాన్ని చూశాడు. చిక్కటి కాఫీ రంగు. కండ కరిగి మూత్రంలోకి దిగితే ఆ రంగు వస్తుంది. ఎలా ఉందని ఫ్రొయిలాన్ జీను మీది నుంచే అడిగాడు. వెనక రెండు వందల గజాల్లో పక్క ఊరి గుర్రాలు దుమ్ము లేపుతున్నాయి. బాగానే ఉంది, పో అన్నాడు అనాక్లేతో.

తోర్కాసా గెలుపు గీత దాటింది. దాటి ఇరవై అడుగులు వేసి, వెనక కాళ్ళు మడుచుకుని కూలబడింది. మళ్ళీ లేవలేదు.

ఫ్రొయిలాన్ ఆ తర్వాత నాలుగేళ్ళు బతికాడు, అనాక్లేతోని ఒక్క మాట అనలేదు. సెల్మీరా మాత్రం ఆ రోజే గీత దగ్గర, గుర్రం తల ఒళ్ళో పెట్టుకుని, "నువ్వు చూశావు" అంది. అంతే. పదకొండేళ్ళలో ఆమె ఆయనతో అన్న చివరి మాట అది. ఆ రోజు గెలిచిన కప్పు ఇప్పటికీ క్లబ్బు అద్దాల బీరువాలో ఉంది. అనాక్లేతో పేకాడటానికి ఎప్పుడూ దానికి వీపు పెట్టే కూర్చుంటాడు.

గుర్రాల జోలికి ఇక పోనని తొమ్మిదేళ్ళు పోలేదు. యూయో వచ్చాక మనసు ఆగలేదు. రౌతుగా విల్మార్ తెచేరాని పెట్టుకున్నాడు. గొర్రెల ఉన్ని కత్తిరించేవాడు, ముప్ఫై ఐదేళ్ళవాడు, బక్కపలచన. విల్మార్‌కి కప్పు కావాలి. ఊరికీ కప్పు కావాలి. అనాక్లేతోకి కావలసింది ఒక్కటే, యూయో తన నాలుగు కాళ్ళ మీద నడిచి ఇంటికి రావాలి. అది ఎవరితోనూ అనలేదు. పందేనికి గుర్రాన్ని పెట్టినవాడు అనదగ్గ మాట కాదు కదా.

సెల్మీరా ఇల్లు ఊరి మొదట్లో, దారి మలుపు దగ్గర. ముందు ఒక నిమ్మచెట్టు. ఏడాది పొడుగునా తెల్లవారుజామున దౌడు తీయించి వచ్చి, సరిగ్గా ఆ మలుపులోనే యూయోని ఆపి ఈల వేసేవాడు అనాక్లేతో. అక్కడ నేల మెత్తన, అందుకని అనేవాడు. పాసో దెల్ సౌసేలో మెత్తటి నేలకి కరువు లేదు. ఆయన ఈల వేసే వేళకి ఆ ఇంటి వంటగది కిటికీ తెరిచే ఉండేది, లోపల పొయ్యి మీద మాతే అనే ఆకు టీకి నీళ్ళు కాగుతుండేవి. ఇటు నుంచి పలకరింపు లేదు, అటు నుంచి లేదు. టోపీ తీసి ఆ గుమ్మం ముందు నిలబడటానికి రెండుసార్లు గేటు దాకా వెళ్ళాడు. ఒంటి మనిషి, ఈ వయసులో ఆమె ఈల ఎందుకు వేస్తుందిలే అని తనకు తానే నచ్చజెప్పుకుని తిరిగొచ్చాడు.

నిమ్మకొమ్మకి వేలాడే పంజరం మాట ఆయనకి తట్టలేదు.

ఆ దేశంలో మే అంటే చలి మొదలయ్యే నెల, రైద్ నాడు పొద్దున గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంది. ఇరవై రెండు గుర్రాలు బయలుదేరాయి. అరవై కిలోమీటర్ల దగ్గర విరామానికి వచ్చినవి పద్నాలుగు. యూయో రెండోది. మొదటిది సెర్రో పెలాదో ఊరి బూడిద గుర్రం, దాని రౌతు తబారే లర్రోసా, విల్మార్‌కి పాత పోటీదారు. జీను దించారు, నీళ్ళు పోశారు, నడిపించారు. పశువుల డాక్టరు ఇరిగారాయ్ గుండె లెక్కపెట్టి ఇంత మంచి గుండె ఈ రోజు చూడలేదన్నాడు. అనాక్లేతో పక్కకి తీసుకెళ్ళి ఈల వేశాడు. యూయో చెవులు నిక్కబొడుచుకుని చూసింది, కానీ పోయలేదు. చుట్టూ లారీల మోత, జనం. ఇంకోసారి వేశాడు. దూరంగా ఠాణా పెద్ద గబగబా చెట్టు చాటుకి వెళ్ళాడు. యూయో మాత్రం కదల్లేదు.

గంట అయిపోతోంది. ఎందుకలా ముఖం పెట్టారని విల్మార్ అడిగితే ఏం లేదన్నాడు. పోయకపోవడం తప్పేం కాదు, ఒంట్లో నీళ్ళు తగ్గితే పోయదు. డాక్టరు సరేనన్నాడు. గుర్రం మేత కూడా అందుకుంది. ఆపడానికి చేతిలో ఏమీ లేదు. లారీ ఎక్కి డబ్బాల మధ్య కూర్చున్నాడు.

చివరి ముప్పైలో యూయో పరుగు చూసినవాళ్ళు ఇప్పటికీ చేతులు తిప్పుతూ చెబుతారు. ఇరవై కిలోమీటర్లు బూడిద గుర్రం తోకని పట్టుకునే పరిగెత్తింది. వాగు దాటాక పక్కకి వచ్చింది. మిట్ట ఎక్కేసరికి ముందుకి పోయింది. ఊరి పొలిమేర కనపడేటప్పటికి రెండు వందల గజాల తేడా. దారికి రెండు వైపులా ఊరంతా నిలబడి ఉంది. ఇచ్చిన మాట మీద అందరూ నోటికి అరచేతులు అడ్డం పెట్టుకున్నారు. బల్దొమేరో అయితే పలక రొట్టె ముక్క ఒకటి నోట్లో కుక్కుకున్నాడు. అన్ని వందల మంది ఉండి చప్పుడు లేదు, నాలుగు డెక్కల మోత తప్ప. తన ఊరు అంత అందంగా అనాక్లేతోకి ఎప్పుడూ కనపడలేదు.

మలుపు వచ్చింది. గెలుపు గీతకి ఇంకా రెండు కిలోమీటర్లు.

నిమ్మచెట్టులోంచి రెండు పొట్టి ఈలలు వచ్చాయి. వెనకే ఒక పొడుగు ఈల, చివర్లో కిందికి జారుతూ.

యూయో ఎక్కడిదక్కడ ఆగిపోయింది. విల్మార్ దాని మెడ మీదికి బోర్లా పడి, చెవులు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. యూయో వెనక కాళ్ళు బార చాపింది. ఊరంతా నోటి మీది చేతులు తీసి నెత్తిన పెట్టుకుంది. అందరి తలలూ చెట్టు వైపు తిరిగాయి. పంజరంలో సెల్మీరా పెంచుకునే చిలక కర్నల్, మెడ ఒక పక్కకి వంచి, తన పనితనం ఎలా ఉందో చూసుకుంటోంది.

అందరూ చిలకని చూస్తుంటే అనాక్లేతో ఒక్కడే నేల చూశాడు. లారీ మీది నుంచి ఎలా దూకాడో తెలియదు.

చిక్కటి కాఫీ రంగు.

ఎండిన మట్టి అప్పుడే పీల్చేస్తోంది. ఇంకో నాలుగు గుక్కలు పీల్చిందంటే నేల మీద తడి తప్ప ఏమీ మిగలదు. తాను తప్ప ఎవరూ చూడలేదు. బూడిద గుర్రం మలుపు తిరిగి, వాళ్ళ పక్క నుంచి దుమ్ము లేపుకుంటూ పోయింది. విల్మార్ పగ్గాలు బిగించి, అందుకోవచ్చు, ఇంకా అందుకోవచ్చు అంటున్నాడు. యూయో తల ఎత్తింది. పొమ్మంటే పోయేటట్టే ఉంది. అసలు ఆ జీవం వద్దనదు కదా.

"ఎలా ఉంది దోన్ అనాక్లేతో?" అన్నాడు విల్మార్. "బాగానే ఉందా?"

పదకొండేళ్ళ కిందటి ప్రశ్నే, ఒక్క అక్షరం మారలేదు.

"దిగు" అన్నాడు.

"రెండే కిలోమీటర్లండీ."

"దిగరా. నల్లగా పోసింది. ఒక్క అడుగు కూడా వేయించకు."

విల్మార్ కిందికి చూశాడు. గుర్రం పొట్ట కింద నల్లటి మరక అంచులు కుంచించుకుపోతున్నాయి. అతను మంచి రౌతు, రెండోసారి చెప్పించుకోలేదు. దిగి, జీను పట్టీ విప్పుతూ, గుర్రం పక్కటెముకలకి నుదురు ఆనించి అలా ఉండిపోయాడు. ఏడుస్తున్నాడేమో ఎవరూ చూడలేదు.

ఊరికి విషయం ఇంకా తెలియదు. ఊరికి తెలిసింది ఒక్కటే, మూడు వారాలు నోరు కట్టుకున్నాం, పలకలు నమిలాం, ఒక చిలక కొంప ముంచింది. వెనక వరసలోంచి ఎవరో దాని మెడ నులిమేయమన్నారు. పది మంది నిమ్మచెట్టు వైపు కదిలారు కూడా. అప్పుడు తలుపు తెరుచుకుని సెల్మీరా బయటికొచ్చింది. చేతిలో ఒక ఉన్ని దుప్పటి మడత. ఆ పది మందినీ, గేటు దగ్గర పిల్లి అడ్డం వస్తే తోసినట్టు తోసుకుని, సరాసరి గుర్రం దగ్గరికి నడిచింది. నేల మీద మిగిలిన తడిని చూసింది. అనాక్లేతో ముఖం చూసింది. ఆయన తాను తొడుక్కున్న ఉన్ని పాంచో తీసి యూయో వెనక భాగం మీద కప్పబోతున్నాడు, అది జారిపోతోంది.

"పక్కకి జరుగు" అంది. "అలా కాదు కప్పేది."

దుప్పటి విప్పి తుంటి మీదుగా రెండు వైపులా లాగి సర్దింది. మూలన ఎర్ర దారంతో కుట్టిన గువ్వ బొమ్మ ఉంది. పదకొండేళ్ళూ నాఫ్తలీన్ గోళీల మధ్య దాచిన దుప్పటి, ఆ వాసనకి యూయో రెండుసార్లు తుమ్మింది.

ఇరిగారాయ్ కారులో వచ్చి, కండలు నొక్కి చూసి, గుర్రాన్ని ఇక్కడి నుంచి కదపడానికి వీల్లేదన్నాడు. దౌడు తీయించి ఉంటే అర కిలోమీటరు కూడా దాటేది కాదని, ఇప్పుడే ఆపారు కాబట్టి ఆశ ఉందని, సూదిమందు ఇచ్చాక అందరికీ వినపడేలా చెప్పాడు. ఆ మాటతో ఊరు మెత్తబడింది. చిలక మెడ నులమమన్న గొంతు ఎవరిదో ఇప్పటిదాకా తేలలేదు. కానీ ఆ సాయంత్రం అందరికన్నా పెద్ద గడ్డిమోపు మోసుకొచ్చింది ఠాణా పెద్దే.

మూడు రోజులు యూయో ఆ మలుపులోనే, నడిదారిలో నిలబడి ఉంది. రాజధాని మోంతెవిదేయో వెళ్ళే బస్సు పొలాల్లోంచి చుట్టు తిరిగి పోయింది. క్లబ్బు వాళ్ళు డాన్సులనాడు కట్టే పందిరి గుడ్డ తెచ్చి గుర్రం మీద కట్టారు, రంగు కాగితాల తోరణాలతో సహా. చలికని ఇంటికొక పాంచో వచ్చింది. అన్నీ కప్పితే గుర్రం కనపడదని, వంతులవారీగా కప్పారు. బల్దొమేరో పొంగిన రొట్టెలు తెచ్చాడు, కాపలా ఉన్నవాళ్ళకి. సెల్మీరా తన వంటగదిలోంచి నీళ్ళు గోరువెచ్చగా చేసి బకెట్లతో అందిస్తూనే ఉంది. ఇంతమంది ఇంత చేస్తుంటే అనాక్లేతోకి ఎవరి ముఖం చూసినా సిగ్గేసేది. ఊరు గెలవాలనుకున్న పందెం చేతులారా వదిలించినవాణ్ణి, నా మీద కోపగించుకోరేం అనుకునేవాడు. ఎవరూ కోపగించుకోలేదు. పక్కన కూర్చుని మాతే చేతికిచ్చారు, అంతే.

రెండో రోజు సెర్రో పెలాదో నుంచి తబారే లర్రోసా వచ్చాడు. బండి నిండా మంచి పచ్చగడ్డి తెచ్చి దింపాడు. గెలుపు ఎలా ఉందని విల్మార్ అడిగాడు.

"ఏం గెలుపులే" అన్నాడు తబారే. "మా ఊళ్ళో నన్ను చిలక అల్లుడంటున్నారు. వీధిలోకి వెళితే పిల్లలు రెండు పొట్టి, ఒక పొడుగు."

"మరి ఆగి పోస్తున్నావా?"

"నిన్న ఒకసారి ఆగాను" అన్నాడు తబారే, నిజాయితీగా.

విల్మార్ పందెం తర్వాత మొదటిసారి నవ్వాడు.

మొదటి రోజు కాఫీ రంగు. రెండో రోజు టీ రంగు. మూడో రోజు మధ్యాహ్నం దాకా యూయో అసలు పోయలేదు. ఇప్పుడు పోసేదాన్ని బట్టే చెప్పగలనన్నాడు ఇరిగారాయ్. ఊరంతా మళ్ళీ దారికి రెండు వైపులా చేరింది. ఒక గుర్రం ఎప్పుడు పోస్తుందా అని అంతమంది శ్వాస బిగపట్టి నిలబడటం ఆ దేశంలో అంతకుముందు జరిగి ఉండదు. అనాక్లేతో ముందుకొచ్చి పెదాలు చుట్టాడు. గాలి వచ్చింది, ఈల రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. గడ్డం వణుకుతోంది, పెదాలు నిలవడం లేదు. రెండేళ్ళుగా రోజూ వేసిన ఈల ఆయన్ని వదిలేసింది.

చిలకని అడగండన్నారెవరో. విల్మార్ చెట్టు కింద నిలబడి కర్నల్‌ని బతిమాలాడు, నిమ్మకాయంత వేయించిన రొట్టె ముక్క కూడా చూపించాడు. కర్నల్ రొట్టె తీసుకుంది, ఫ్రొయిలాన్ బతికున్నప్పుడు నేర్పిన బూతుమాట ఒకటి అంది, అటు తిరిగి కూర్చుంది.

సెల్మీరా బకెట్ కింద పెట్టింది. చేతులు తుడుచుకుంది. ఎవరి వైపూ చూడకుండా, రెండు పొట్టి, ఒక పొడుగు. చివర్లో కిందికి జారుతూ, గాలి కలవకుండా, గంట కొట్టినట్టు.

అనాక్లేతో తల తిప్పి ఆమెని చూశాడు. పందెం నాడు చెట్టులోంచి వచ్చింది ఈ ఈలే. తన ఈలలో సగం గాలి కదా, చిలక ఈలలో గాలి లేదు. తన దగ్గర నేర్చుకోలేదది. ఏడాది పాటు రోజూ తెల్లవారుజామున, తాను వెళ్ళిపోయాక, ఆ వంటగదిలో ఎవరో అదే ఈల మళ్ళీ వేసుకున్నారు. కిటికీ పక్క నిమ్మకొమ్మ. దాని గురించి ఆయన ఆనాడూ అడగలేదు, తర్వాతా అడగలేదు.

యూయో చెవులు నిక్కబొడిచింది. వెనక కాళ్ళు బార చాపింది.

లేత పసుపు. నిమ్మరసంలో నీళ్ళు కలిపినట్టు. ఇరిగారాయ్ వంగి చూసి, లేచి, కళ్ళద్దాలు తుడుచుకుని తల ఊపాడు.

అంతే, మూడు వారాల మూడు రోజులుగా దాచుకున్న ఈలలన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. ఆడా మగా, ముసలీ ముతకా, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకున్నవాళ్ళు, నాలుగు పెట్టుకున్నవాళ్ళు. స్టేషన్లో నిలబడిన ఇంజను కూడా తన వంతు కూసింది, ప్రభుత్వం వారు ఏమనుకున్నా సరేనని. క్లబ్బు ముసలివాళ్ళు నలుగురూ, వాళ్ళ వెనక ఠాణా పెద్దా, సెల్మీరా ఇంటి వెనక గోడ వైపు పరుగు తీశారు. యూయో పాపం, ఇన్ని ఈలలకి ఏం సమాధానం చెప్పాలో తెలియక, ఇంకేమైనా మిగిలిందేమోనని మళ్ళీ కాళ్ళు చాపి చూసింది.

ఆ గోలలో సెల్మీరా అనాక్లేతో పక్కకి వచ్చింది.

"ఊళ్ళో అందరి గడపా ఎక్కావట" అంది. "నా గడప ఎక్కి ఉంటే పంజరం మీద గుడ్డ కప్పేదాన్ని."

"అందుకే ఎక్కలేదు" అన్నాడు అనాక్లేతో.

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆమె మొట్టమొదటిసారి పెదవి చివర నవ్వింది. తర్వాత, గుర్రం వైపే చూస్తూ, మెల్లగా, "ఈసారీ చూశావు" అంది.

ఆయన టోపీ తీశాడు. ఏదో అనాలని నోరు తెరిచాడు, కానీ ఆ ఈలల్లో ఆయన మాట ఎవరికీ వినపడలేదు. ఆమెకి వినపడి ఉంటే ఆమె ఎవరికీ చెప్పలేదు.

నాలుగో రోజు పొద్దున యూయో నాలుగు కాళ్ళ మీద, ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తూ, ఇంటికి నడిచింది. రెండు కిలోమీటర్లకి మూడు గంటలు పట్టింది. దారిలో గెలుపు గీత సున్నం గుర్తు ఇంకా చెరగలేదు. అది దాటుతుంటే ఊరి వాళ్ళు చప్పట్లు కొట్టారు. రైద్ చరిత్రలో అంత ఆలస్యంగా వచ్చిన గుర్రం మరొకటి లేదు, అంత మర్యాద పొందిందీ లేదు. ఆ రోజు నుంచి అనాక్లేతో పేకాటలో బీరువాకి ఎదురుగానే కూర్చుంటున్నాడు. ఆట ఏమీ బాగుపడలేదు.

ప్రతి ఆదివారం ఆయన పొద్దుతిరుగుడు గింజల పొట్లం పట్టుకుని నిమ్మచెట్టు దగ్గరికి వెళ్ళేవాడు. పంజరం ముందు టోపీ తీసేవాడు. చిలకకి టోపీ తీసే మనిషి ఈ లోకంలో ఈయనొక్కడేనని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు. పంజరం వెనక వంటగది కిటికీ ఉందని, అందులోంచి మాతే అందుకునే వరకు ఆయన అక్కడి నుంచి కదిలేవాడు కాదని వాళ్ళకి తెలియక కాదు.

మరుసటి ఏడు యూయో మళ్ళీ రైద్‌కి సిద్ధమైంది. మే నెల రాగానే అనాక్లేతో టోపీ చేతబట్టుకుని బయలుదేరాడు. ఈసారి మొట్టమొదటి గడప సెల్మీరాదే. ఆమె తలుపు తీసి, ఎదురుచూస్తున్నట్టే, చేతిలో ఉన్న గుడ్డ చూపించింది.

"తెలుసులే. పంజరం మీద కప్పమనేగా."

"కాదు దోన్యా సెల్మీరా" అన్నాడాయన. "ఆ రోజు కర్నల్‌ని కాస్త ముందు కొమ్మకి కట్టండి. దారి బాగా కనపడేలా."